టిష్యూ పేపర్‌తో స్టిల్ లైఫ్: పిల్లల పని ఎంతవరకు వచ్చింది

స్టిల్ లైఫ్ అంటే ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేసే బొమ్మ. దాన్ని పిల్లలు పల్చటి రంగు టిష్యూ కాగితం ముక్కలు అంటించి చేస్తున్నారు. ఈ విడత వాళ్ల ముందు పెట్టినవి మూడే: నీలం కూజా, నారింజ, నిమ్మకాయ. ఎనిమిది, పదేళ్ల వయసుకి అంతకుమించి వద్దు. నీడ ఒకవైపే పడేలా పక్కనుంచి ఒకే లైటు పెట్టాం.

సామాను: రంగు టిష్యూ, ఏ4 సైజు 300 జీఎస్ఎం మందపాటి వాటర్‌కలర్ షీటు, అర అంగుళం మెత్తని బ్రష్, తెల్ల జిగురు రెండు వంతులకి నీళ్లు ఒక వంతు. పల్చటి డ్రాయింగ్ పేపరు తడికి చుట్టుకుపోతుంది. జిగురు మరీ నీళ్లగా ఉంటే టిష్యూ నానిపోయి బ్రష్‌తోపాటు లేచొస్తుంది.

గీయడం అయింది. పెన్సిల్ నొక్కనివ్వకూడదు, టిష్యూ కింద ప్రతి గీతా కనబడుతుంది, అంటించాక చెరపలేం. కూజా మూతిని కోలగా గీసి, అడుగుని మాత్రం తిన్నటి గీతతో ముగించడం చాలామంది పిల్లలు చేసే పని. అడుగు వంపుని వేలితో తడిమి చూడమంటే వాళ్లే దిద్దుకుంటారు.

నేపథ్యం దగ్గరే అసలు పాఠం. మామూలు రంగు కాగితమైతే షీటంతా పరిచి, పైన వస్తువులు అంటించొచ్చు. టిష్యూకి ఆ పద్ధతి చెల్లదు, కిందిది పైకి కనిపిస్తుంది. నీలం మీద నారింజ టిష్యూ వేస్తే పండు మట్టిరంగుకి దిగిపోతుంది. ఎన్ని పొరలు వేసినా ఇంకా ముదురుతుందే కానీ వెలగదు. అందుకే వస్తువుల చోటు తెల్లగా వదిలి, చుట్టూ మాత్రమే అంటించాలి. రెండు మూడు మిల్లీమీటర్లు గీత దాటి లోపలికొచ్చినా ఫరవాలేదు, పండు అంచు అక్కడ చక్కగా ముదురుతుంది.

కత్తెర ఇవ్వలేదు. టిష్యూ ఒక దిక్కున తిన్నగా, రెండో దిక్కున వంకరటింకరగా చిరుగుతుంది. ఏది ఎటో పిల్లలు ముందు ఒక ముక్క చించి చూసుకోవాలి. టేబుల్ అంచుకి తిన్నటి చీలికలు, పండ్లకి రెండు సెంటీమీటర్ల ముక్కలు.

జిగురు ముందు షీటుకి రాయాలి, ముక్క పరచాలి, పైనుంచి మధ్యలోంచి బయటికి ఒక్కసారి బ్రష్ లాగి వదిలేయాలి. ముడత పోలేదని మళ్లీ రుద్దితే చిరుగుతుంది. చిన్న ముడతలు పండు తొక్కకి అందమే, ఉండనివ్వండి.

నిమ్మకాయకి పసుపు ఒక పొర. ఆరాక నీడవైపు ఇంకో పసుపు, దానిమీద సన్నటి నారింజ చీలిక. మెరుపు కోసం బఠాణీ గింజంత తెలుపు వదిలాం. టేబుల్ మీది నీడకి నలుపు వాడొద్దు, బొమ్మ అక్కడ చచ్చిపోతుంది. ఊదా ఒక పొర చాలు.

కొన్ని టిష్యూలు తడికి రంగు వదులుతాయి. తడిపిన ముక్కని తెల్ల కాగితానికి అద్దితే తెలిసిపోతుంది. మా దాంట్లో ఎరుపు, ముదురు నీలం అలాంటివే. కాబట్టి కూజాని చివరికి ఉంచాం, పండ్లు పూర్తిగా ఆరాకే నీలం తీస్తాం, దానికి బ్రష్ కూడా వేరు.

షీట్లు కొంచెం వంగాయి. కూజా అయ్యాక పూర్తిగా ఆరనిచ్చి, బొమ్మవైపు బటర్ పేపర్ వేసి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచాలి.