వెనక నుంచి పట్టుకున్నందుకు

పిల్లలకు మంచు మీద జారే స్కీ ఆట నేర్పాలని బయలుదేరాం. తెల్లవారుజామున నాలుగున్నరకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో బయలుదేరితే ఎనిమిదిన్నరకల్లా మంచుకొండల్లోని ట్రక్కీ ఊళ్లో ఉంటామని లెక్క వేశాను. ఇంటర్‌స్టేట్ 80 రహదారి మీద కోల్‌ఫాక్స్ దాటాక ఆ లెక్క తప్పింది. టైర్లకు గొలుసులు లేని కార్లను పైకి వదలడం లేదు. గొలుసులు మా డిక్కీలోనే ఉన్నాయి, వేయడం మాత్రం నాకు రాదు. పసుపు కోటు వేసుకున్న మనిషి ఒకడు మంచులో మోకాళ్ల మీద కూర్చుని పది నిమిషాల్లో వేసి 40 డాలర్లు పుచ్చుకున్నాడు. ఈ రెండు రోజుల్లో నేను గొణుక్కోకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

వెనక సీట్లో పిల్లల మధ్య అమ్మ. మాచర్ల నుంచి వచ్చి నెల కూడా కాలేదు. 1846లో బళ్లు కట్టుకుని వచ్చిన వలసదారులు ఈ డానర్ కనుమ దగ్గరే మంచులో చిక్కుకుపోయారని, చలికాలమంతా పస్తులుండి దాదాపు సగం మంది చనిపోయారని నేను చెబుతుంటే, ఆమె ఏమీ మాట్లాడకుండా పులిహోర డబ్బాను కాళ్ల దగ్గర నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

అసలు గొడవ మూడు వారాల కిందటిది. పిల్లలకు రోజంతా స్కీ పాఠం, మధ్యాహ్నం భోజనంతో సహా, ఒక్కొక్కరికి 190 డాలర్లని మా ఆవిడ ఫోనులో చూపించింది. బాబుకు ఏడేళ్లు, పాపకు ఐదు. నేనే నేర్పుతానన్నాను. నా అర్హత ఏమిటంటే ఆఫీసువాళ్లతో రెండుసార్లు వెళ్లడం, అన్నిటికన్నా తేలికైన, పచ్చ గుండ్రం గుర్తున్న వాలు మీద పడకుండా దిగడం. దాని పై మెట్టయిన నీలం చదరం జోలికి ఒకసారి వెళ్లి, సగం దూరం కూర్చుని దిగాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

శనివారం సగం పూట బూట్లకే సరిపోయింది. ప్లాస్టిక్‌తో రాయిలా ఉండే ఆ బూటులోకి పిల్లవాడి మడమ దిగాలంటే వాడు లేచి నిలబడి తొక్కాలి, నేను కింద కూర్చుని నాలుకను బయటికి లాగాలి, లోపల మేజోడు ముడత పడకూడదు. నాలుగు బూట్లూ అయ్యాయి, చేతి తొడుగులు, హెల్మెట్లు అయ్యాయి. అప్పుడు పాప బాత్‌రూమ్‌కు వెళ్లాలంది.

బూట్లకు తగిలించే పొడుగు పలకలే స్కీలు. వాటి ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. ఇక్కడ అందరూ దాన్ని పిజ్జా అంటారు. రెండు స్కీలూ సమానంగా ఉంచితే ఫ్రెంచ్ ఫ్రైస్. నాకు తెలిసిన విద్యంతా అంతే. బాబును నా మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, చంకల కింద చేతులు వేసి, ఇద్దరం కలిసి జారడం మొదలుపెట్టాం. పట్టుకున్నంతసేపూ బాగానే ఉంది. వదలగానే వెల్లకిలా పడతాడు. పదిసార్లో పదిహేనుసార్లో లేపాను. నడుము పట్టేసింది. చివరికి వాడు మంచులో కూర్చుని "నాకు రాదు నాన్నా, ఇంటికి వెళ్దాం" అన్నాడు. నేను అరిచాను. చుట్టుపక్కల వాళ్లు చూశారు. తెలుగులో అరిచినా అరుపు అరుపే కదా.

ఆ రాత్రి బసలో ఫోను తెరిస్తే ఆదివారం పాఠానికి రెండే ఖాళీలున్నాయి. ధర 240. మా ఆవిడ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆదివారం తల్లిదండ్రులు కంచె ఇవతలే ఉండాలన్నారు. టీచరుకు ఇరవై ఏళ్లు దాటి ఉండవు, ముక్కు మీద తెల్లటి పూత. అరగంట సేపు వాలు దరిదాపులకే తీసుకువెళ్లలేదు. ఒక కాలికే స్కీ తగిలించి, రెండో కాలితో నేలను తన్నుతూ స్కూటర్‌లా గుండ్రంగా తిప్పింది. 240 డాలర్లకు చదును నేల మీద ప్రదక్షిణలా అనుకున్నాను. తర్వాత పిల్లలను మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే రబ్బరు పట్టీ మీద పైకి తెచ్చి, ఒక్కొక్కరి ఎదుట నిలబడి, తాను వెనక్కి జారుతూ చేతులు చాచింది. ముట్టుకోలేదు. మావాడు ఆ చేతులు అందుకోవాలని ముందుకు వంగాడు. దొరికేలోపు ఆమె ఇంకో గజం వెనక్కి జరిగింది. అలా కింది దాకా వచ్చేశాడు.

మా ఊరి దిగుడుబావిలో బాబాయి అచ్చం ఇలాగే చేసేవాడు. నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టి, తాను ఎదురుగా నీళ్లలో తేలుతూ "రా, రా" అనేవాడు. వెళ్లేకొద్దీ వెనక్కి జరిగేవాడు. మోసం చేస్తున్నాడని ఏడ్చాను. ఒడ్డున నిలబడి వెనక నుంచి ఎవరైనా పట్టుకుంటే బాగుండునని ఎంత కోరుకున్నానో!

మూడింటికి పిల్లలను అప్పగిస్తూ ఆ అమ్మాయి చెప్పింది: పిల్లలు భయపడితే వెనక్కి వాలతారు, అప్పుడు బరువంతా స్కీల తోక మీద పడి ముందు కొనలు మాట వినవు, తిరగవు, ఆగవు. మోకాలి కింద కాలి ముందు ఎముక బూటు నాలుకను నొక్కుతూ ఉండాలట. వీడు మొదట్లో మరీ వెనక్కి వాలాడు, ఎవరైనా వెనక నుంచి పట్టుకుని నేర్పారా అని అడిగింది. నేను చేతి తొడుగులు వెతుక్కుంటున్నాను. మావాడే నా వైపు చూపించాడు.

పాప సంగతి వేరు. గంటన్నర ఆడి, మిగతా సమయమంతా లోపల హాట్ చాక్లెట్ తాగుతూ బొమ్మలకు రంగులు వేసిందట. ఐదేళ్ల పిల్లకు ఇంకోసారి వస్తే ఒక్క పూట పాఠం చాలు. అంత ఖరీదైన చాక్లెట్ ఇంకెక్కడా తాగించలేను.

తిరుగు ప్రయాణంలో మొత్తం ఎంతయిందని అమ్మ అడిగింది. ఇద్దరికీ కలిపి 480 అన్నాను. కాసేపు వేళ్లు మడిచింది.

"ధర బాగున్న ఏడు రెండు క్వింటాళ్ల మిర్చి రా! మీ బాబాయి ఊరికే నేర్పాడు."

ఆదివారం సాయంత్రం ఆ దారి ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు. డానర్ దగ్గర కార్లన్నీ నిలిచిపోయాయి. అరగంట చూసి, అమ్మ డబ్బా మూత తీసింది.