గ్యారేజీ గది అయ్యేదాకా: న్యూజిలాండ్‌లో మా బిల్డింగ్ కన్సెంట్ అనుభవం

న్యూజిలాండ్‌లో సొంతిల్లు కొనుక్కున్న మనవాళ్ల మధ్య గ్యారేజీ ప్రస్తావన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పెద్దవాళ్లు వస్తే మెట్లెక్కలేరు, కారు ఎలాగూ బయటే ఉంటోంది, గ్యారేజీని గదిగా మార్చేస్తే పోలా అని. మేమూ అమ్మానాన్నల కోసమే మొదలుపెట్టాం. ఒక పడకగది, దానికి చిన్న అటాచ్డ్ బాత్‌రూమ్. "లోపల పనే కదా, కౌన్సిల్‌కి (ఇక్కడి స్థానిక సంస్థకి) చెప్పేదేముంది, ఎవరు చూడొచ్చారు?" అని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే. నిజమే, ఇప్పుడు ఎవరూ చూడరు. రేపు ఇల్లు అమ్మకానికి పెడితే మాత్రం కొనేవాళ్ల లాయర్ ఆ స్థలం గురించి కౌన్సిల్‌కి తెలిసిన వివరాలుండే లిమ్ రిపోర్టు అడుగుతాడు, కౌన్సిల్ దగ్గరున్న ప్రాపర్టీ ఫైలు తిరగేస్తాడు. ప్లానులో గ్యారేజీ అని ఉండి, వెళ్లి చూస్తే అక్కడ మంచం, షవర్ కనిపిస్తే బేరం అక్కడే ఆగిపోతుంది.

అన్ని పనులకూ కన్సెంట్, అంటే కట్టే ముందు కౌన్సిల్ ఇచ్చే అనుమతి, అక్కర్లేదు. 2004 నాటి బిల్డింగ్ చట్టం మొదటి షెడ్యూల్లో మినహాయింపులు పెద్ద జాబితాగా ఉన్నాయి. 2.5 మీటర్లు దాటని కంచె, నేలకు 1.5 మీటర్ల లోపుండే డెక్, పాత సింకు తీసి అక్కడే కొత్తది ప్లంబర్‌తో పెట్టించుకోవడం లాంటివి అందులోకి వస్తాయి. అడగనక్కర్లేదు కదా అని పని ఎలా పడితే అలా చేయడానికి లేదు, నిర్మాణం ఎలా ఉండాలో చెప్పే బిల్డింగ్ కోడ్ దానికీ వర్తిస్తుంది. మాది లేని చోట కొత్తగా టాయిలెట్, షవర్ పెట్టడం కాబట్టి వాదనకు తావే లేదు.

షట్టర్ తీసేసి గోడ కట్టి కిటికీ పెట్టడం ఇక్కడ 'రిస్ట్రిక్టెడ్ బిల్డింగ్ వర్క్'. డ్రాయింగులు గీసే డిజైనరైనా, కట్టే బిల్డరైనా లైసెన్సు ఉన్నవాళ్లే అయ్యుండాలి. వీళ్లని ఎల్‌బీపీ (లైసెన్స్‌డ్ బిల్డింగ్ ప్రాక్టీషనర్) అంటారు, పేరు పబ్లిక్ రిజిస్టర్లో ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్లోనే. దాని మీద నిర్ణయానికి కౌన్సిల్‌కి చట్టం ఇచ్చిన గడువు 20 పనిదినాలు. వినడానికి నెలే, కానీ మధ్యలో ఏదైనా వివరం కావాలని ఆర్‌ఎఫ్‌ఐ పంపితే రోజుల లెక్క అక్కడ ఆగి, మనం జవాబిచ్చాకే మళ్లీ మొదలవుతుంది. ఇంకోటి, ఈ చట్టం దృష్టిలో డిసెంబర్ 20 నుంచి జనవరి 10 దాకా పనిదినాలే కావు. క్రిస్మస్ ముందు దరఖాస్తు పెట్టి రోజూ ఈమెయిల్ చూసుకోవడం దండగ.

మాకొచ్చిన ఆర్‌ఎఫ్‌ఐ చదివితే కౌన్సిల్ వాళ్ల భయమంతా తేమ గురించేనని అర్థమైంది. స్లాబు కింద తేమను ఆపే షీటు ఉందా? బయటి నేల కంటే లోపలి నేల ఎంత ఎత్తులో ఉంది? గ్యారేజీలో కారు ఎక్కాలి కాబట్టి నేలను డ్రైవ్‌వేకి దాదాపు సమానంగా పోస్తారు. మనుషులు పడుకునే గదికి అది కుదరదు. చివరికి షట్టరున్న చోట అడుగున కాంక్రీటు గట్టు పోసి, దాని ముందు డ్రైవ్‌వేని కోసి గ్రేటింగ్ ఉన్న డ్రెయిన్ పెట్టేలా, స్లాబు మీద తేమ పొర పరిచేలా డిజైనర్ డ్రాయింగ్ మార్చాడు. కిటికీని కూడా పెంచాడు. గది వైశాల్యంలో కనీసం 10 శాతం అద్దం, 5 శాతం తెరుచుకునే భాగం చూపిస్తే వెలుతురు, గాలి గురించి ఇక ప్రశ్నలు రావు.

ఈ తేమ భయానికి కారణం ఉంది. 1990లలో, 2000 తర్వాత కొన్నేళ్లపాటు ఇక్కడ కట్టిన వేల ఇళ్ల గోడల్లోకి నీరు చేరి లోపలి చెక్క కుళ్లిపోయింది. లీకీ హోమ్స్ అంటే ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. బిల్డర్లు కంపెనీలు మూసేసి తప్పుకుంటే, కోర్టుల్లో నష్టపరిహారం భారం చాలావరకు కౌన్సిళ్ల మీద పడింది. అంత దెబ్బ తిన్నవాళ్లు ఊరికే సంతకం పెడతారా?

పని మొదలయ్యాక ఇన్‌స్పెక్షన్లు. గోడలకు గిబ్ (జిప్సమ్) బోర్డు కొట్టకముందు వచ్చిన కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ చేతిలో తేమ కొలిచే రెండు సూదుల మీటరు ఉంది. కిటికీ పక్క చెక్కలో ఒకసారి, గోడ అడుగున ఉండే చెక్క ప్లేటులో ఒకసారి గుచ్చి అంకె చూసింది. తేమ 20 శాతం దాటితే చెక్క ఆరేదాకా మూయనివ్వరు. బాత్‌రూమ్‌లో టైల్స్‌కి ముందు వాటర్‌ప్రూఫింగ్ పొర చూపించాలి. టైల్స్ వేశాక చూపిస్తామంటే పగలగొట్టమంటారు. ఇన్‌స్పెక్షన్ స్లాట్లు వెంటనే దొరకవు కాబట్టి టైల్స్ మనిషిని బుక్ చేసే ముందే స్లాట్ పట్టుకోవాలి.

నా దృష్టిలో అసలు టెన్షన్ కన్సెంట్ దగ్గర కాదు, పనయ్యాక కౌన్సిల్ ఇచ్చే కోడ్ కంప్లయన్స్ సర్టిఫికెట్ (సీసీసీ) దగ్గర. మన ఊళ్లో ప్లాన్ అప్రూవల్ చేతికొస్తే సగం ఊపిరి పీల్చుకుంటాం. ఇక్కడ సీసీసీ రానిదే ఆ పని కాగితాల మీద పూర్తయినట్టు కాదు. దానికి తాను ఏ పని చేశాడో బిల్డర్ రాసిచ్చే రికార్డ్ ఆఫ్ వర్క్, ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్, డ్రెయిన్ పైపులు ఎటు వెళ్లాయో చూపే డ్రాయింగ్ అన్నీ జతచేయాలి. పనయ్యాక వీళ్లెవరూ ఫోనెత్తరు. అందుకే ప్రతి ఒప్పందంలోనూ 'కాగితాలు ఇచ్చాకే చివరి బిల్లు' అని రాయించాం. మొహమాటపడితే మనకే నష్టం. రికార్డ్ ఆఫ్ వర్క్ ఇవ్వడం ఎల్‌బీపీకి చట్టం పెట్టిన బాధ్యతే, అడగడం మన హక్కు. కన్సెంట్ వచ్చిన 12 నెలల్లో పని మొదలుకాకపోతే అది రద్దవుతుంది. కన్సెంట్ వచ్చిన రెండేళ్లకూ మనం సీసీసీ అడగకపోతే కౌన్సిలే ఇవ్వాలా వద్దా అని తేలుస్తుంది.

మా వీధిలో ఒక మిత్రుడికి వేరే చిక్కు. పాత యజమాని కన్సెంట్ లేకుండా కట్టిన బాత్‌రూమ్‌తో సహా ఇల్లు కొన్నాడు. అయిపోయిన పనికి కన్సెంట్ ఇవ్వరు. 1992 జులై 1 తర్వాత చేసిందైతే సర్టిఫికెట్ ఆఫ్ యాక్సెప్టెన్స్‌కి పెట్టుకోవచ్చు. అయితే కౌన్సిల్ తాను చూడగలిగినంత వరకే హామీ ఇస్తుంది, టైల్స్ వెనక ఏముందో తన పూచీ కాదని అందులోనే రాస్తుంది. ఆ కాగితంతో సరిపెట్టుకోవాలా, గోడ విప్పి సరిగ్గా మళ్లీ కట్టించాలా అని ఆయన లెక్కలేస్తున్నాడు. నన్నడిగితే గోడ విప్పమనే అంటాను.