ఈస్ట్ లాగ్: ముద్దలు కట్టాయి, గుత్తులు మాత్రం రాలేదు

మళ్ళీ విడిపోయాయి! ఏకకణ జీవి అయిన ఈస్ట్‌లో త్వరగా అడుగుకి దిగేవాటినే రోజూ ఏరుతూ, దాన్ని బహుకణ గుత్తులుగా మార్చాలని చూస్తున్నా. అడుగున బరువుగా దిగిన ముద్దల్ని చూసి ఈసారి వచ్చేసినట్టే అనుకున్నా. 50 మిల్లీమోలార్ ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టేసుకునే రసాయనం) పోసి రెండు సార్లు తిప్పానో లేదో, తేటగా ఉన్న ద్రవం మొత్తం మసకబారింది.

పద్ధతి 2012లో శాస్త్రవేత్త రాట్‌క్లిఫ్ బృందం చేసినదే, 60 రోజుల్లో వాళ్ళ పది ట్యూబుల్లోనూ స్నోఫ్లేక్ గుత్తులొచ్చాయి, అంటే విభజన తర్వాత కూడా విడిపోని కణాలు మంచు రేకుల ఆకారంలో పెరిగిన గుత్తులు. నాది 10 మి.లీ. ద్రవం, 29 డిగ్రీలు, 24 గంటలు షేకర్ మీద, తర్వాత కాసేపు నిలబెట్టి అడుగు నుంచి 0.1 మి.లీ. కొత్త ట్యూబులోకి. మొదట్లో 45 నిమిషాలు నిలబెట్టేవాణ్ణి, ఇప్పుడు 10 నిమిషాలకే అడుగు చేరుతున్నాయి.

400 రెట్లలో చూస్తే ముద్ద 60 నుంచి 90 మైక్రాన్లు, ఒక్కో కణం 5 మైక్రాన్లు. కానీ కణాలు ఎటు పడితే అటు, పక్కలు ఆనించి పడి ఉన్నాయి. స్నోఫ్లేక్‌లో అయితే ప్రతి పిల్ల కణం తల్లి కొసకి అతుక్కుని కొమ్మలు కొమ్మలుగా కనిపించాలి. ఈడీటీఏ కడిగేసి కాల్షియం క్లోరైడ్ వేస్తే నాలుగైదు నిమిషాల్లో మళ్ళీ ముద్దకట్టాయి, దాంతో ఉన్న కాస్త అనుమానం కూడా తీరింది. ఇవి కాల్షియం ఉన్నంతసేపు ఒకదాన్నొకటి పట్టుకున్న ఏకకణ జీవులు, అంతే. పక్కనున్నది ఎవరి పిల్లో వాటికి పట్టదు. బహుకణ జీవి వైపు మొదటి అడుగు పడాలంటే ఒకే తల్లి సంతానం విభజన తర్వాత విడిపోకుండా ఉండిపోవాలి. స్నోఫ్లేక్‌లో ఏస్2 జన్యువు పాడై, తల్లీపిల్లల మధ్య గోడని కరిగించే ఎంజైములు సరిగ్గా తయారుకావు.

ఎందుకిలా? నా షేకర్ 120 ఆర్‌పీఎం దాటదు, మెల్లగా ఊపితే వదులు ముద్దలు కూడా బతికిపోతాయి. నీళ్ళలో కాల్షియం ఎక్కువేమో. నా అసలు అనుమానం వేరే: ముద్దకట్టే జన్యువులు ఈస్ట్‌లో ముందే ఉన్నాయి, కొత్త మ్యుటేషన్ కోసం ఆగే కన్నా వాటిని ఆన్ చేసుకోవడం సులువు. పైగా చక్కెర అయిపోయాకే నేను ఏరుతున్నా, చాలా రకాలు ముద్దకట్టేదీ అప్పుడే.

మిథిలీన్ బ్లూ రంగు వేస్తే మొగ్గలు (తల్లి కణం మీద పుట్టుకొస్తున్న పిల్ల కణాలు) బాగా కనిపించాయి. ఇన్‌స్టంట్ ఈస్ట్ జోలికి మాత్రం పోకండి, అందులో కలిపే ఎమల్సిఫయర్ స్లైడంతా జిడ్డు చేస్తుంది. మైక్రోస్కోప్ అంటారా, కొత్త చవక రకాల కన్నా పాత ఒలింపస్ సీహెచ్2 నయం.

ఇకనుంచి నిలబెట్టే ముందే ప్రతిసారీ ఈడీటీఏ వేస్తా. పట్టుకున్నవి విడిపోయి పైనే తేలతాయి, గోడతో అతుక్కున్నవే దిగుతాయి. మార్చేముందు రెండుసార్లు కడగాలి, లేకపోతే కొత్త ట్యూబులో పెరుగుదల దెబ్బతింటుంది. ఒకే కాలనీ (ఒకే కణం సంతానం) నుంచి మొదలుపెట్టిన ఇంకో వరస కూడా పక్కన నడుపుతా. ఇదీ తేలకపోతే క్లోరెల్లా అనే ఏకకణ ఆల్గేకి మారదామని ఉంది, దాన్ని తినే ఓక్రోమోనాస్ అనే ఇంకో సూక్ష్మజీవిని వదిలితే ఎనిమిదేసి కణాల గుంపులు కట్టినట్టు 1998లో బొరాస్ వాళ్ళు చూపించారు, దానికి షేకర్ గొడవ కూడా తక్కువేననుకుంటా.