పదకొండు ఫారాల పుస్తకం

1981లో సైన్యంలో చేరి, సిగ్నల్స్ విభాగంలో 17 ఏళ్లు పనిచేశాను. తిరిగొచ్చాక బీఈడీ చదివి, డీఎస్సీ రాసి, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారునయ్యాను. ఉద్యోగ విరమణ తరువాత బడి జ్ఞాపకాలు రాశాను. రాయడానికి రెండేళ్లు, పుస్తకంగా తేవడానికి ఎనిమిది నెలలు పట్టాయి. ఆ ఎనిమిది నెలల సంగతే ఇది.

సొంతంగా వేసుకోవాలని ముందే అనుకున్నాను. పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌కు దళారులు అక్కర్లేదు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే రుసుము లేకుండానే ఇస్తారు. డెమ్మీ సైజు, 70 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో కాగితం, 500 ప్రతులు అని ప్రెస్సులో మాట్లాడుకున్నాను. ప్రూఫులే ప్రాణం తీశాయి. నా యూనికోడ్ రాతను ప్రెస్సు ఫాంటులోకి మార్చేసరికి వత్తులు చెదిరిపోయాయి. మూడుచోట్ల ‘శిక్షణ’ కాస్తా ‘శిక్ష’ అయింది. మా ఆవిడ రాతప్రతిని పైకి చదువుతుంటే నేను ప్రూఫు మీద వేలు పెట్టి చూసేవాణ్ణి. అలా మూడుసార్లు చూశాం.

పుస్తకంలో తొమ్మిదిమంది పిల్లల కథలున్నాయి. పేర్లు మార్చినా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అందుకే ఎవరి అధ్యాయం వాళ్లకు చూపించి, సరేనన్నాకే అచ్చుకివ్వాలని తిరిగాను.

వాళ్లలో ఒకతను ఇప్పుడు ట్రాక్టర్లు బాగుచేస్తాడు. తండ్రి గొర్రెల వెంట పంపడంతో ఎనిమిదో తరగతిలో చదువు మానేశాడని రాశాను. షెడ్డులో నిలబడే చదివాడు. కాగితం అంచున గ్రీజు వేలిముద్ర పడింది.

“నాన్న పంపలేదు మాస్టారూ. బూట్లు లేవని ప్రార్థన వేళ మీరు మూడు రోజులు నన్ను వరుస బయట నిలబెట్టారు. నాలుగో రోజు నేనే రాలేదు” అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. బడిలో ఆ బూట్ల నియమం పెట్టింది నేనే. బారకాసులో అలవాటైన తనిఖీని తెచ్చి పదమూడేళ్ల పిల్లల మీద పెట్టాను.

జబల్‌పూర్‌లో మాకు మోర్సు, అంటే చుక్కలూ గీతల సంకేత లిపి, నేర్పిన ఉస్తాదు, వినబడని అక్షరాన్ని ఊహించి రాయకూడదనీ, మళ్లీ పంపమని అడగాలనీ మొదటిరోజే చెప్పాడు. ఈ పిల్లవాడు ఎందుకు మానేశాడో నేను ఏనాడూ అడగలేదు. ఊహించి రాసేశాను.

అధ్యాయమంతా మళ్లీ రాశాను. నాలుగు పేజీలు పెరిగాయి. అప్పటికి పుస్తకం సరిగ్గా 176 పేజీలు, అంటే పదహారేసి పేజీల ఫారాలు పదకొండు. నాలుగు పేజీల కోసం ఇంకో ఫారం వేస్తే ఖర్చు పెరుగుతుందని, ఎక్కడైనా తగ్గించమని ప్రెస్సు యజమాని అడిగాడు. సరిహద్దులో నా కొలువు గురించి, నాకొచ్చిన పతకం గురించి రాసుకున్న నాలుగు పేజీలు తీసేశాను. వాటిని ఎంత ఇష్టంగా రాసుకున్నానో మా ఆవిడకు తెలుసు. ఆమె ఏమీ అనలేదు.

సొంతంగా వేసుకున్నాం కాబట్టి ప్రచురణకర్తలమూ మనమే. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ ముప్పై రోజుల్లోగా ప్రతులు పంపాలి. ఆ పొట్లాలు కట్టడానికి ముందే ఒక ప్రతి తీసుకుని షెడ్డుకు వెళ్లాను. అతను చేతులు సబ్బుతో కడుక్కొని, తుడుచుకొని వచ్చి పుస్తకం అందుకున్నాడు. తన అధ్యాయం ఎన్నో పేజీలో ఉందని అడిగాడు.