నోరు తెరవమని ఎవరూ అడగలేదు

నోటి క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి రెండేళ్ళు దాటింది. మొన్నటి చెకప్‌లో కూడా ఏమీ లేదన్నారు. ఇన్నాళ్ళూ మాట్లాడాలంటే భయం వేసేది, ఇప్పుడు చెప్పగలను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు సముద్రానికి దగ్గర ఊరు. అంగన్‌వాడీలో చేసి రిటైరయ్యాను. మా తీరంలో ఆడవాళ్ళు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. చూసినవాళ్ళు వింతగా చెప్పుకుంటారు గానీ దానికి కారణాలున్నాయి. ఒడ్డున ఎంత గాలి వీచినా చుట్ట ఆరిపోదు, బూడిద చేపల గంపలో రాలదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. మా అమ్మమ్మ, అమ్మ, అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం), నేను అందరం అలాగే నేర్చుకున్నాం. పంటినొప్పికి మంచిదని కూడా పెద్దవాళ్ళు చెప్పేవారు.

నాకు ముందు అంగిలి తెల్లగా మందం కట్టింది. తర్వాత మధ్యలో ఎర్రగా అయి, కారం తగిలితే మంట. పుండు పడింది, మానలేదు. బరువు తగ్గాను. దగ్గర టౌనులో డాక్టరు దగ్గరకు వెళ్తే మా ఊరి పేరు వినగానే క్రియాటినిన్ పరీక్ష రాశారు. ఉద్దానం అంటే అందరికీ కిడ్నీలే గుర్తొస్తాయి, అది సహజమే. రిపోర్టు బాగానే వచ్చింది. ఇక వేడి చేసిందన్నారు. బి కాంప్లెక్స్ మాత్రలు, పూసుకునే జెల్, మజ్జిగ. మళ్ళీ వెళ్తే మళ్ళీ అవే. నోరు తెరవమని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. చుట్ట కాలుస్తావా అని కూడా అడగలేదు.

నన్ను కాపాడింది ఒక డెంటల్ కాలేజీ అమ్మాయి. ఊళ్ళో పళ్ళ శిబిరం పెడితే పిల్లల్ని తీసుకెళ్ళాను. పిల్లల్ని చూడటం అయ్యాక ఊరికే, "అత్తా, మీరు కూడా ఒకసారి కూర్చోండి" అంది. ఫోన్ లైటు వేసి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "అడ్డపొగేనా అత్తా?" అంది. తప్పు పట్టినట్టు కాదు, మా ఇంటి పిల్లలా అడిగింది. ఆ వారమే విశాఖ పంపించింది. ముక్క పరీక్షలో (బయాప్సీ) అంగిలి క్యాన్సర్ అని తేలింది.

విశాఖ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు విద్యార్థుల్ని చుట్టూ నిలబెట్టుకుని నా నోరు చూపిస్తూ, "వీళ్ళకి ఎంత చెప్పినా బుద్ధి రాదు" అన్నారు. నాకు తెలుగు అర్థం కాదనుకున్నారో, ముసలిదానికి ఏం తెలుస్తుందనుకున్నారో. ఎంత చెప్పినా అంటే, నాకు చెప్పింది ఎవరు? మా మేనల్లుడు వెతికి చదివి వినిపించాడు. కోస్తా ఆంధ్రలో ఇలా చుట్ట కాల్చేవాళ్ళకి అంగిలి క్యాన్సర్ వస్తోందని 1957లోనే వైద్య పత్రికలో రాశారట. అప్పటికి మా అమ్మకి పెళ్ళి కూడా కాలేదు. ఆ మాట మా ఒడ్డుదాకా ఎందుకు రాలేదు? అంగన్‌వాడీలో టీకాల గురించి, రక్తహీనత గురించి ఎన్ని శిక్షణలు ఇచ్చారో. చుట్ట గురించి ఒక్క ముక్క లేదు.

ఆ డాక్టరే ఆపరేషన్ చేశారు, బాగా చేశారు. ఆయన చేతులకి దణ్ణం పెడతాను. ఆ మాట మాత్రం మర్చిపోలేను.

అంగిలిలో పైదవడ ఎముకతో సహా ఒక భాగం తీసేశారు. ఆ ఖాళీలో గుడ్డ కుక్కి ప్లేటు పెట్టారు. ఆపరేషన్ తర్వాత ఒక రాత్రి మెలకువ వచ్చేసరికి గొంతులోకి ఏదో వెచ్చగా దిగుతోంది. మింగితే ఇంకా వస్తోంది. రక్తం. మా అబ్బాయి వరండాలో నిద్రపోతున్నాడు. అరవబోతే గాలి ముక్కులోంచి పోతోంది తప్ప మాట రావడం లేదు. ఊపిరి ఆడటం లేదు. పక్కన స్టీలు గ్లాసు చేతికి తగిలితే మంచం ఇనుప చువ్వకి వేసి కొట్టాను, కొడుతూనే ఉన్నాను. పక్క మంచం రోగికి తోడుగా ఉన్న ఇచ్ఛాపురం ఆవిడ లేచి, "అప్పా, కంగారుపడకు" అంటూ నన్ను పక్కకి ఒరిగించి, తల కిందికి వంచి, నర్సు కోసం పరిగెత్తింది. సక్షన్ పెట్టి, గుడ్డ మార్చి, తెల్లారేదాకా ఆ నర్సమ్మ నా దగ్గరే ఉంది. అంతసేపూ కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లిని తలుచుకుంటూనే ఉన్నాను. ఆ రాత్రి అమ్మవారే ఆ ఇద్దరినీ పంపిందని నా నమ్మకం. ఆవిడ పేరు అడగలేకపోయాను, అప్పటికి నాకు మాట లేదు.

ఆరోగ్యశ్రీ కార్డు ఉండబట్టి అప్పుల్లో పడలేదు. కరెంటు (రేడియేషన్) పెట్టిన రోజుల గురించి ఎక్కువ చెప్పను. ముఖానికి చిల్లుల మాస్కు బిగిస్తారు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అసలు బాధ తర్వాతే. నోరంతా పూసి నీళ్ళు కూడా దిగవు, ముక్కులోంచి గొట్టం వేసి పాలు, జావ పోస్తారు. రుచి చాలా నెలలకి గానీ తిరిగి రాలేదు.

ఇంట్లో మా కోడలు మొదట నా గ్లాసు, కంచం వేరు పెట్టింది. పిల్లల్ని దగ్గరకు రానివ్వలేదు. క్యాన్సర్ అంటుకునేది కాదమ్మా అని కాగితం మీద రాసి చూపించాను. చాలా ఏడ్చాను. తర్వాత గొట్టం పెట్టినప్పుడు రాత్రిళ్ళు లేచి జావ కాచి పోసింది కూడా ఆమే. రెండూ నిజమే.

ఇప్పుడు అంగిలి ఖాళీని మూసే ప్లేటు పెట్టుకుంటేనే మాట, తిండి. తీస్తే నీళ్ళు ముక్కులోకి వస్తాయి.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. కరెంటుకి ముందే పుచ్చిన పళ్ళు తీయించుకోండి, తర్వాత తీయిస్తే దవడ ఎముక మానడం కష్టం. మెడకి కరెంటు పెడితే థైరాయిడ్ మందగించవచ్చు, ఆ పరీక్ష చేయించుకుంటూ ఉండండి. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఒక్కటే కాదు, పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. నోట్లో పుండు గానీ, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ గానీ రెండు మూడు వారాల్లో మానకపోతే జెల్ రాసుకుంటూ కూర్చోకండి. గొంతు బొంగురు పోయి తగ్గకపోయినా, మెడలో గడ్డ తగిలినా అంతే. డాక్టరు నోరు చూడకపోతే మీరే తెరిచి చూపించండి.

మా అప్ప అంగిలి కూడా తెల్లగానే ఉంది. పట్టుబట్టి ముక్క పరీక్ష చేయించాను, క్యాన్సర్ లేదు. పగలు మానేసింది, రాత్రిపూట ఇంకా ఒకటి వెలిగిస్తోంది. నేను తిట్టను. టార్చి వేసి నోరు చూస్తాను, చూసినప్పుడల్లా మానమని అడుగుతాను. వచ్చే నెల నా చెకప్‌కి తనని కూడా విశాఖ తీసుకెళ్తున్నాను. ఆ పెద్ద డాక్టరు ఉంటే, ఈసారి ఆయనే స్వయంగా మా అప్పకి చెప్పాలని అడుగుతాను.