ఎడమవైపు

"ఇవన్నీ కుడివైపు నుంచి తీశావేంటి?"

నలభై ఫొటోలూ చూసి మా ల్యాబ్ పెద్దావిడ అన్నది ఇంతే. అరవలేదు, విసుక్కోలేదు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది.

బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రంలోని ఈ ల్యాబ్‌కి వచ్చి ఏడు నెలలైంది. తోకకప్పల్ని జాతివారీగా పోల్చి రాయడం నా పని. ఇక్కడ వాటిని జిరీను అంటారు. నోటి చుట్టూ బుడిపెలు, పళ్ళ వరుసలు, తోక ఎత్తు అన్నీ కొలవాలి. గుడ్డు నుంచి కప్పయ్యేదాకా ఎదుగుదలకి 1960లో గోస్నర్ ఇచ్చిన 46 దశల్లో ఒకే దశలో ఉన్నవాటినే పక్కపక్కన పెట్టాలి. లేకపోతే ఒక తల్లి పిల్లలే వేరే జాతుల్లా కనిపిస్తాయి.

అదంతా సరిగ్గానే చేశాను. కానీ మొప్పల్లోంచి నీళ్ళు బయటికి పోయే రంధ్రం చాలా జాతులకి ఎడమవైపే ఉంటుంది. అందుకే బొమ్మలన్నీ ఎడమవైపు నుంచే వేస్తారు. నాకు తెలియక కాదు. కుడిదే ముందు పెట్టడం అలవాటైన చెయ్యి ఇది, దాని పని అది చేసుకుపోయింది. ఎడమచేత్తో కాఫీ కప్పు అందించే ఆవిడకి ఇదెలా చెప్పను? ఆ కప్పు అందుకోవడానికే ఇప్పటికీ తడబడతాను. అమ్మయితే వేళ్ళ మీద ఒకటి వేసేది.

రాత్రి పంతానికి పోయి మినహాయింపులు వెతికాను. ఎలాకిస్టోక్లీస్ అనే కప్పల పిల్లలకి ఆ రంధ్రం పొట్ట కింద నడుమ ఉంటుంది. వాటికి పళ్ళూ లేవు, గట్టి దవడలూ లేవు. ఈశాన్య బ్రెజిల్‌లో తల్లి వీపులోంచి బయటికొచ్చే పీపా కార్వాల్హోయ్ కప్ప పిల్లలకైతే రెండువైపులా. హమ్మయ్య అనుకుంటుండగా బోఆనా ఫేబర్ తగిలింది. ఇక్కడివాళ్ళు కమ్మరి కప్ప అంటారు. మగది సుత్తి దెబ్బల్లా అరుస్తుంది, ఒడ్డున మట్టిగూడు కడుతుంది. దాని పిల్లకి మొప్పల రంధ్రం ఎడమవైపు, మలం పోయే గొట్టం కుడివైపు! ఇంట్లో చెబితే నీళ్ళు చల్లి లోపలికి రానిస్తారు.

పోనీ మన బోదురు కప్పలైనా నా పక్షం ఉంటాయేమో అని చూశాను. వాటికీ ఎడమే. చిన్నప్పుడు వరిచేల కాలవల్లో సీసాలకి పట్టినవి, తెల్లారేసరికి ఒకదాన్నొకటి తినేసిన ఆ తిండిపోతులకీ అటే ఉండి ఉంటుంది. ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు.

ఊళ్ళో నాట్లు పడుతున్నాయని తమ్ముడు ఫోన్ చేస్తే, కాలవలో నాలుగు పట్టి వీడియో తీసి పంపమన్నాను. పొద్దున్నకల్లా వచ్చింది. గాజు గ్లాసులో నాలుగూ కుడి డొక్క చూపిస్తూ ఉన్నాయి.

"ఎడమవైపు నుంచి తియ్యరా" అని మెసేజ్ పెట్టాను.

"ఎందుకక్కా, కుడివైపు బాగానే ఉందిగా?"