గాజు కథ: 1,400 మాటల నుంచి 850కి

జూన్ రెండో వారం

పిల్లల కోసం రాస్తున్న కథ మొదటి ప్రతి పూర్తయింది. 1,400 మాటలు వచ్చింది. గోదారి మధ్య లంక ఊళ్లో చిట్టి అనే పిల్లకి ఎండాకాలం ఇసుకలో ఆకుపచ్చ చేతిగాజు ఒకటి దొరుకుతుంది. అది గోదారమ్మది. వరదల వేళ ఆవిడ తన గాజు అడగడానికి ఊళ్లోకి వస్తుంది. ఈలోగా చిట్టి చెయ్యి కాస్త లావైంది, గాజు ఊడి రావడం లేదు. గోదారమ్మకి ఒక నియమం ఉంది: అడక్కుండా ఏదీ తీసుకోదు. మూడుసార్లు అడుగుతుంది. మూడోసారీ ఇవ్వకపోతే దారి మార్చుకుని ఆ ఊరిని వదిలి వెళ్లిపోతుంది.

మూడుసార్లు అనేది పాత కథల అలవాటు కొద్దీ రాయలేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పిల్లలు కూడా ఏటా ఈ మాట వింటూనే పెరుగుతారు. మూడోది వచ్చిందంటే పెద్దవాళ్ల మొహాలు ఎలా మారతాయో వాళ్లకి తెలుసు. అందుకే గోదారమ్మ మొదట రేవు మెట్ల దగ్గర అడుగుతుంది, తర్వాత పెరట్లో కొబ్బరిచెట్టు దగ్గర, ఆఖరికి గడప దగ్గర.

జూన్ ఆఖరు

అన్నయ్య పిల్లలకి చదివి వినిపించాను. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి ఆరు. మొత్తం 17 నిమిషాలు పట్టింది. పన్నెండో నిమిషానికే బాబు పక్క మీద దొర్లడం మొదలెట్టాడు. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను కాబట్టి ఎక్కడ దొర్లాడో మళ్లీ విని చూసుకోగలిగాను. కథలు రాసేవాళ్లెవరైనా ఇలా చేసుకుంటే మంచిది, ఎక్కడ కత్తిరించాలో చప్పున తెలుస్తుంది.

మొదటి అభ్యంతరం పాపది. నేను కొన్నిచోట్ల "నది వచ్చింది, అది అడిగింది" అని రాశాను. "గోదారమ్మ అన్నావు కదత్తా, మళ్లీ అది అంటావేంటి?" అంది. నిజమే. ఏడుచోట్ల "అది" తీసేసి "ఆవిడ" అని దిద్దాను.

రెండోది పెద్దది. వరద సన్నివేశం ఉధృతంగా ఉండాలని, రేవులో కట్టేసిన తాత పడవని గోదారమ్మ లాక్కుపోయినట్టు రాశాను. కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం అదే, దాదాపు 400 మాటలు. పాప మధ్యలోనే ఆపేసింది. "అడక్కుండా తీసుకోదన్నావు కదా. పడవ అడగలేదుగా?"

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నది మాట్లాడుతుందంటే ఒప్పుకుంది, గడప దాకా నడిచొచ్చిందంటే ఒప్పుకుంది. ఇచ్చిన మాట తప్పితే మాత్రం ఒప్పుకోలేదు. బేతాళ కథలు గుర్తొచ్చాయి. శవం ఎలా మాట్లాడుతుందని అడిగిన పిల్లల్ని నేను చూడలేదు. కానీ రాజు నోరు తెరిచాక కూడా బేతాళుడు భుజం మీదే ఉండిపోతే, ఆ పూట వాళ్లు మనల్ని వదలరు. చిన్న అద్భుత కథంటే పిల్లలకి ఎందుకంత ఇష్టమో నాకు ఇక్కడే అర్థమైంది. నియమం ఒక్క ముక్కలో చెప్పేస్తాం. అది గుర్తుపెట్టుకుని కథకి కాపలా కాసే పని వాళ్లది. కథ పొడుగైతే ఆ నియమం వాళ్ల మనసులోంచి జారిపోతుంది.

పడవ మొత్తం తీసేశాను.

జులై మొదటి వారం

ముగింపు కుదరలేదు. గాజు పగలగొట్టి ముక్కలు ఇచ్చేస్తారని రాస్తే అమ్మకి నచ్చలేదు. పసిపిల్ల చేతి గాజు పగలడమేంటే, వద్దంది. గోదారమ్మే జాలిపడి ఉంచుకోమన్నట్టు మార్చాను, అది మరీ చప్పగా ఉంది. మళ్లీ పాపే చెప్పింది: "కుంకుడు నురగ రాస్తే ఊడిపోతుంది కదత్తా!" అంతే. ఇప్పుడు మూడో పిలుపు గడప దగ్గర వినిపిస్తుంటే మామ్మ కుంకుడుకాయలు కొడుతూ ఉంటుంది. కథలో అన్నిటికంటే ఉత్కంఠగా ఉండే చోటు అదే అయింది. ఇప్పుడు 850 మాటలు. చదవడానికి పది నిమిషాలు.

జులై మూడో వారం, పుస్తకం పని

ఎ4 కాగితాలు నాలుగు మధ్యకి మడిస్తే 16 పేజీలు. పైకాగితం ఒకవైపు 16, 1 పేజీలు, దాని వెనక 2, 15. ముందు తెల్లకాగితాలు మడిచి, పెన్సిల్‌తో అంకెలు వేసుకుని చూస్తే తప్పు రాదు. మండలి ఫాంటు, 16 పాయింట్లు. తెలుగులో వరసల మధ్య దూరం ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే ఒత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. ఒకటిన్నర ఇచ్చాను.

బొమ్మలకి పెన్సిల్ షేడింగ్ వేస్తే జిరాక్స్‌లో నల్లగా మచ్చలు పడ్డాయి. మళ్లీ ఇంకు పెన్నుతో సన్నగీతలుగా వేశాను. 70 జీఎస్ఎం కాగితంలో వెనక బొమ్మ కనబడుతోంది, 100 తీసుకున్నాక సరిపోయింది. ప్రతి పుస్తకానికి 22 రూపాయలైంది.

మామూలు స్టేప్లరు మడత దాకా అందదు, అందుకే కుట్టాను. మడత మీద దబ్బనంతో మూడు బెజ్జాలు. సూది లోపలి నుంచి మధ్య బెజ్జంలో బయటికి, పై బెజ్జంలోంచి లోపలికి, అక్కణ్ణుంచి కింది బెజ్జంలో బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికి. లోపల నిలువుగా పడిన దారానికి చెరోవైపు రెండు కొసలూ ఉంచి ముడి వేయాలి. మొదట వల అల్లే నైలాన్ దారం వాడాను. గట్టిదే కానీ ముడి జారిపోయింది. నూలు దారానికి కొవ్వొత్తి మైనం రుద్దితే నిలిచింది.

ఆగస్టు

పన్నెండు ప్రతుల్లో తొమ్మిది కుట్టాను. గోదారికి ఎర్రనీరు, అంటే వరద నీరు, వచ్చింది. మొన్న కాలువ రేవులో బాబు చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. ఏడుస్తూ వచ్చి, "గోదారమ్మ అడగలేదత్తా" అన్నాడు. పాప వెంటనే "అది కాలువరా, గోదారి కాదు" అంది. వాడు ఒప్పుకోలేదు. కాలువలోకి నీళ్లు ధవళేశ్వరం నుంచే వస్తాయని నాన్న చెప్పాడంటాడు. ఇద్దరూ నా వైపు చూశారు.